మన పెళ్లి తంతు మనమే ఎంచుకోవడం ఎలా

మా చెల్లి పెళ్లిలో జీలకర్ర బెల్లం రెండుసార్లు పెట్టారు. మొదటిసారి ముహూర్తానికి, రెండోసారి ఫొటోగ్రాఫర్ కోసం. మొదటిసారి ఆయనే అడ్డంగా నిలబడ్డాడు కాబట్టి ముందు వరసలో ఉన్న మేనత్తలకి కూడా ఏమీ కనపడలేదు. ఆల్బమ్‌లో ఉన్నది రెండోది. ఆ తర్వాత ఎప్పుడో చెల్లిని, మరిదిని కూర్చోబెట్టి అడిగితే, అసలు ముహూర్తం క్షణం ఇద్దరికీ గుర్తు లేదన్నారు. "ఇటు చూడండి, ఇటు చూడండి" అన్న గొంతు మాత్రం గుర్తుందట.

అప్పటినుంచి మా ఇళ్లల్లో ఏ పెళ్లి జరిగినా చీటీ, పెన్ను పట్టుకుని తిరిగే పని నాకు పడింది. ఆ తిరుగుడులో తెలిసొచ్చిందేమిటంటే, తెలుగు పెళ్లికి బయటినుంచి కొత్తగా తెచ్చి చేర్చాల్సింది దాదాపు ఏమీ లేదు. ఉన్నవే ముప్పై నలభై దాకా ఉంటాయి. వాటిలో మీవి అనిపించేవి పది ఉంచుకుని, ఆ పదీ అందరికీ కనపడేలా, వినపడేలా, తొందర లేకుండా జరిపించుకుంటే చాలు, ఆ పెళ్లి ఇంకెవరి పెళ్లిలానూ ఉండదు. దానికి ఏం చేయాలో వరసగా చెబుతాను. ఇది హిందూ పద్ధతిలో జరిగే తెలుగు పెళ్లి గురించి.

1. ముందు అమ్మమ్మ దగ్గర కూర్చోండి

హాలు బుక్ చేయకముందే ఈ పని చేయండి. "తెలుగు పెళ్లి తంతులు" అని ఫోన్‌లో వెతికితే ఒక జాబితా దొరుకుతుంది కానీ, అది ఏ ఇంటిదీ కాదు. ఒకరింట్లో పని పసుపు దంచడంతో మొదలవుతుంది, ఇంకొకరింట్లో పందిరి రాట వేయడంతో. పెళ్లిలో పూజకి పెట్టే కుండల్ని తెలంగాణలో ఐరేని కుండలంటే, ఆంధ్రలో అరివేణి కుండలంటారు. కొన్ని ఇళ్లల్లో పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తారు, కొన్నిచోట్ల చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తారు. కొందరికి నాగవల్లి లేకపోతే పెళ్లి అయినట్టే కాదు, కొందరు దాని పేరే వినుండరు.

రెండు ఇళ్ల జాబితాలూ విడివిడిగా రాసుకోండి. ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని పట్టుకోండి. ఇది నా సలహా మాత్రమే కాదు. తెలుగునాట చాలామంది పురోహితులు అనుసరించేది ఆపస్తంబ గృహ్యసూత్రం, ఇంట్లో చేసే తంతులు ఎలా చేయాలో చెప్పే పాత గ్రంథం. పెళ్లిలో చేయాల్సిన ఆచారాలు ఆడవాళ్లని అడిగి తెలుసుకోవాలని ఆ సూత్రంలోనే ఉంది. అంటే ఇంటింటికీ తంతు మారుతుందని ఆ పాతకాలంలోనే ఒప్పుకున్నారన్నమాట. "శాస్త్రంలో ఉన్నది మార్చకూడదు" అని ఎవరైనా అంటే ఈ ముక్క పనికొస్తుంది. మంగళసూత్రం కట్టడమే గృహ్యసూత్రాల్లో లేదు, లోకాచారంగా వచ్చి మొత్తం పెళ్లికే పేరైంది.

అడిగేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏం చేస్తారు? ఎవరి చేత చేయిస్తారు? మీ పెళ్లిలో అది ఎలా జరిగింది? మూడో ప్రశ్నకి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టుకోండి. కాశీయాత్రకి తాతయ్య నిజంగానే వీధి చివరిదాకా వెళ్లిపోతే బావమరిది చెప్పుల్లేకుండా పరిగెత్తడం, బిందెలో ఉంగరం తీసే ఆటలో అమ్మమ్మ మూడుసార్లూ గెలవడం, ఇలాంటివి అప్పుడే బయటికొస్తాయి. మీ పెళ్లికి కావలసిన సరుకు అక్కడే ఉంది.

2. చట్టానికి ఏది కావాలో తెలుసుకోండి

ఇది చిన్న పని, కానీ ముందే తేల్చుకోవాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి వైపు ఆచారం పాటిస్తే సరిపోతుంది. ఆ ఆచారంలో సప్తపది భాగమైతే, ఇద్దరూ కలిసి ఏడో అడుగు వేయగానే పెళ్లి పూర్తయినట్టు. తంతు ఏదీ జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కన్యాదానం తప్పనిసరి కాదని అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. కాబట్టి మీ ఇంటి ఆచారంలో సప్తపది ఉంటే దాన్ని మాత్రం ఎప్పుడూ కత్తిరించకండి. వీడియోలో ఏడు అడుగులూ పడేలా చూసుకోండి.

దండలు మార్చుకుంటే చాలనే సవరణ తమిళనాడు 1967లో తెచ్చుకుంది. అది మన దగ్గర వర్తించదు. మంత్రాలు, హోమం అసలే వద్దనుకునేవాళ్లకి, వేర్వేరు మతాలకి చెందిన ఇద్దరు చేసుకునే పెళ్లికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. 30 రోజుల ముందు నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. చట్టం చెప్పిన ప్రమాణ వాక్యం ఇద్దరూ పలికితే చాలు, మిగతా తంతు మీ ఇష్టం. ఏ దారిలో చేసుకున్నా రిజిస్ట్రేషన్ మర్చిపోకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో చేసిన చట్టం దాన్ని తప్పనిసరి చేసింది.

3. ఇద్దరే కూర్చుని గుర్తులు పెట్టండి

ఈ పనికి అమ్మానాన్నలు వద్దు, ఫ్రెండ్స్ కూడా వద్దు. రెండు జాబితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్క తంతు దగ్గర ఆగండి. "ఇది అందంగా ఉంటుందా" అన్న ప్రశ్న వదిలేయండి. ఇవి అడగండి: దీని అర్థం మనకి తెలుసా? తెలిశాక కూడా నోరారా అనగలమా? ఇది తీసేస్తే ఎవరి మనసు కష్టపడుతుంది? ఉంచితే ఎవరి మనసు కష్టపడుతుంది?

నాలుగో ప్రశ్న చాలామంది వేసుకోరు. దాని సంగతి కిందే వస్తుంది.

తప్పకుండా కావాలి అన్నదానికి ఒక గీత, ఉన్నా లేకపోయినా పర్లేదు అన్నదానికి చుక్క, వద్దు అన్నదానికి సున్నా. ఇద్దరూ విడివిడిగా పెట్టి ఆ తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకరు గీత పెట్టి ఇంకొకరు సున్నా పెట్టినవి మహా అయితే నాలుగైదు తేలతాయి. గొడవ పడితే వాటి మీదే పడండి. చుక్కలన్నీ పెద్దవాళ్లకి వదిలేయండి. బేరానికి అవి బాగా పనికొస్తాయి. "కాశీయాత్ర మీ ఇష్టం అత్తయ్యా, కానీ కాళ్లు కడగడం వద్దు" అనగలిగే చోటు మీకు ఉండాలి కదా.

4. బరువనిపించేవాటిని ఏం చేయాలి

పెళ్లికూతురి అమ్మానాన్నలు అల్లుడి కాళ్లు కడగడం, కన్యాదానం. ఈ రోజుల్లో ఎక్కువ చర్చ ఈ రెండింటి మీదే జరుగుతుంది. తీసేయడం ఒక్కటే దారి కాదు. కాళ్లు కడిగే తంతు వెనకున్నది వచ్చిన అతిథిని విష్ణుమూర్తిగా భావించి గౌరవించడం. అదే మర్యాద రెండు వైపులా జరిపించుకోవచ్చు, అమ్మాయి తల్లిదండ్రులకి అబ్బాయి పాదపూజ చేయవచ్చు. మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్లిలో ఇలాగే జరిగింది. మామగారు కాళ్లు వెనక్కి లాక్కున్నారు, వాడు వదల్లేదు, హాలంతా నవ్వింది. తర్వాత చూస్తే ఆయన కళ్లు తుడుచుకుంటున్నారు.

కన్యాదానం విషయంలో దానం అన్న మాట చాలామంది అమ్మాయిలకి మింగుడు పడదు. నిజమే, మనిషిని దానమివ్వడమేమిటి. కానీ దానితో కలిసి ఉన్న ఒక మాట పారేసుకోవద్దు. "ధర్మేచ అర్థేచ కామేచ" అని అడిగినప్పుడు వరుడు "నాతిచరామి" అంటాడు. ధర్మంలో, సంపాదనలో, కోరికలో ఈమెని దాటి నడవను అని ప్రమాణం. మన పెళ్లి మొత్తంలో వరుడు అందరి ముందూ నోరు విప్పి ఇచ్చే మాట ఇది. చాలా పెళ్లిళ్లలో పురోహితుడు అనమన్నది గొణిగి ఊరుకుంటారు. దీన్ని మైకులో చెప్పించండి, తెలుగు అర్థంతో సహా. అదే మాట అమ్మాయి కూడా అబ్బాయికి ఇస్తే ఇంకా బాగుంటుంది. దానం చేసే సంకల్పం వదిలేసి ఈ ప్రమాణం మాత్రం ఉంచుకోవచ్చా అని పురోహితుడిని అడగండి. చేయించే వాళ్లు ఉన్నారు.

ఇక పైన వదిలిన నాలుగో ప్రశ్న. తండ్రి లేని ఇంట్లో, పిల్లని చదివించి ఇంతదాకా తెచ్చిన తల్లిని పందిట్లో స్తంభం పక్కన నిలబెట్టి, ఏడాదికోసారి కనపడే బాబాయిని, పిన్నిని పీటల మీద కూర్చోబెడతారు. పసుపు దంచడానికి, మంగళ హారతికి "ముత్తైదువలు రండి" అని పిలిచినప్పుడు ఆవిడ తనంతట తానే వెనక్కి జరుగుతుంది. ఆ జరగడం ఒకసారి చూస్తే మర్చిపోలేం. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే మిగతా అన్నింటికంటే ముందు దీన్ని సరిచేయండి. కన్యాదానం ఉంటే తల్లే చేస్తుందని తేల్చి చెప్పండి. పసుపు మొదటి దంపు ఆవిడ చేత వేయించండి. ఆ రోజు అక్కడ చర్చ పెట్టకండి. ముందే ఆవిడకి చెప్పి, ఒప్పించి, పక్కన ఎవరు నిలబడాలో కూడా మాట్లాడుకోండి, లేకపోతే జనం మధ్య ఆవిడే వద్దంటుంది. ఈ ఒక్క మార్పు కోసం ఎవరితోనైనా మాటా మాటా అనుకోవాల్సొచ్చినా పర్లేదని నా అభిప్రాయం.

5. ఉంచుకున్నవాటికి చోటివ్వండి

*మహాసంకల్పం.* ఎవరూ వినని భాగం ఇది, అసలు బంగారం ఇందులోనే ఉంది. వధూవరుల గోత్రం, ప్రవర (ఆ గోత్రపు ఋషుల పేర్లు) చెప్పి, ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరసగా చదువుతారు. ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. అమ్మాయి వైపు కూడా అంతే. ఈ పేర్లు ముందే కనుక్కుని, స్పష్టంగా రాసి ఇవ్వండి. చివరి నిమిషంలో అడిగితే ముత్తాత పేరు ఎవరికీ గుర్తుకి రాదు. అలాగే అమ్మ, అమ్మమ్మ, నానమ్మ, ముత్తవ్వల పేర్లు కూడా చేర్చి చదివించండి. సంస్కృతంలో వద్దంటే ఆ తర్వాత తెలుగులో ఎవరైనా చదవవచ్చు. ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. పేరు వినగానే హాల్లో ఏదో ఒక మూల ఒక ముసలావిడ తలెత్తి చూస్తుంది.

*జీలకర్ర బెల్లం.* సుముహూర్తమంటే ఇదే, తాళి కట్టే సమయం కాదు. విడదీయలేనంతగా కలిసిపోయిన రెండింటిని తమలపాకు మీద పెట్టి ఒకరి నడినెత్తిన ఒకరు ఉంచి అలాగే పట్టుకుంటారు. మధ్యలో అడ్డుతెర దింపుతారు. కొత్తగా చేర్చాల్సింది ఏమీ లేదు, కాపాడుకుంటే చాలు. ఆ సమయానికి తెర చుట్టూ ఆరడుగుల దూరంలో కెమెరా మనుషులు ఉండకూడదని ముందే రాసి ఇవ్వండి. ఫొటోలు పక్కనుంచి, జూమ్‌తో తీసుకోవచ్చు. గట్టిమేళం ఆపకండి, అది ఉండాలి. గట్టి బెల్లంతో కాస్త పొడిగా దంచమని వంటవాళ్లకి చెప్పండి, పాకంలా ఉంటే నుదుటి మీదుగా కళ్లలోకి కారుతుంది. పాపం, మా చెల్లికి కారింది.

*పాణిగ్రహణం, సన్నికల్లు.* చెయ్యి పట్టుకునేటప్పుడు చదివే ఋగ్వేద మంత్రానికి అర్థం, నాతోపాటు ముసలితనం దాకా ఉండేలా నీ చెయ్యి పట్టుకుంటున్నాను అని. సన్నికల్లు తొక్కించేటప్పుడు రాయిలా స్థిరంగా ఉండు అంటారు. అది అమ్మాయికి మాత్రమే చెప్పే మాట. ఇద్దరి చేతా తొక్కించమని అడిగిన జంటలున్నారు, నాకైతే నచ్చింది. స్థిరంగా ఉండాల్సింది ఒక్కరే కాదు కదా. మా అమ్మమ్మ వాడిన సన్నికల్లు దేవుడి గది వెనక నుంచి తీసి కడిగి తెచ్చాం ఒకసారి. మూలన పడి ఉన్న ఆ రాయికి అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు. అద్దె సామాన్లలో వచ్చే రాయి కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

*సప్తపది.* చట్టం సంగతి పైన చెప్పాను. అర్థం సంగతికొస్తే ఆపస్తంబ పద్ధతిలో మొదటి అడుగు తిండి కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, ఐదోది పశుసంపద కోసం, ఆరోది ఋతువుల కోసం, ఏడోది యజ్ఞాల కోసం. ఒక్కో అడుగుకీ విష్ణువు నీ వెంట నడవాలి అంటారు. ఏడు పూర్తయ్యాక వచ్చే మాట సఖ్యం: ఏడడుగులు నడిచాం, ఇక మనం స్నేహితులం. భార్యాభర్తలు అన్న మాట కంటే ముందు స్నేహం వస్తుందని చాలామందికి తెలియదు.

దీనికి పది నిమిషాలు కేటాయించండి. ఒక్కో అడుగుకీ ఆగి, పురోహితుడు మంత్రం చెప్పాక ఎవరైనా ఒక్క వాక్యం తెలుగులో చెప్పాలి. మీ సొంత మాటలు చేర్చాలనుకుంటే చోటు ఇదే. ఐదో అడుగు దగ్గర పశుసంపద బదులు మీ జీవితంలో దానికి సమానమైనది ఏదో అనుకోండి. ఒక జంట ఇంటి లోను పేరు చెప్పారు, పంతులుగారు కూడా నవ్వారు. ఒకటి గుర్తుంచుకోండి: మంత్రాన్ని తీసేసి మీ మాట పెట్టకండి, మంత్రం పక్కన పెట్టండి. పెద్దవాళ్లు ఒప్పుకోవడానికి ఇదే కీలకం.

*తలంబ్రాలు.* ఇంత గాంభీర్యం తర్వాత కాస్త అల్లరి కావాలి, పాతవాళ్లకి ఆ సంగతి తెలుసు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యమే వాడండి. థర్మాకోల్ గుండ్లు, మెరుపు పొడులు, స్ప్రే డబ్బాలు వద్దు. హోమం పక్కన స్ప్రే ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. భద్రాచలం కల్యాణం తలంబ్రాలు దొరికితే నాలుగు గింజలు అందులో కలుపుతారు చాలామంది.

*అప్పగింతలు.* అమ్మాయి వైపు మాత్రమే ఏడవాలని రాసిపెట్టి లేదు. ఉద్యోగం కోసం ఇద్దరూ వేరే ఊళ్లో కాపురం పెడుతుంటే, రెండు ఇళ్ల పెద్దలూ ఇద్దరినీ ఒకరికొకరు అప్పగించవచ్చు. ఋగ్వేదంలోని పెళ్లి సూక్తం కొత్త కోడలిని అత్తింటికి సమ్రాజ్ఞివి కమ్మని దీవిస్తుంది. గృహప్రవేశం రోజు ఆ మంత్రం అర్థం అత్తగారికి వినపడేలా చదివించండి, సరదాకే.

నాగవల్లి, బిందెలో ఉంగరాలు, స్థాలీపాకం గురించి ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. మీ ఇంట్లో ఉంటే ఉంచుకోండి.

6. పురోహితుడితో ఒక పూట

పెళ్లికి కనీసం నెల ముందు ఇద్దరూ కలిసి వెళ్లండి. పెద్దవాళ్లని పంపితే సరిపోదు. మార్చాల్సిన జాబితా పట్టుకుని వెళ్లి చదివి వినిపిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ముందు ఆయన్ని అడగండి: మీరు చేయించే పద్ధతి ఏమిటి, అందులో మంత్రభాగం ఏది, ఇంటి ఆచారం ఏది, ముహూర్తానికి ముందు ఏవి అయిపోవాలి, తర్వాతకి ఏవి జరపవచ్చు. ఆయన చెప్పేది రాసుకోండి. ఆ తర్వాత మీ గీతలు, సున్నాలు చెప్పండి. ఆయన ఒప్పుకోనివి ఉంటే కారణం అడగండి. ఒక్కోసారి కారణం మీకే నచ్చుతుంది. మా తమ్ముడు లాజహోమం తీసేద్దామనుకున్నాడు. పెళ్లికూతురి అన్నదమ్ములు ఆమె దోసిట్లో పేలాలు పోస్తే ఆమె అగ్నికి ఇస్తుందని తెలిశాక, తోడబుట్టిన వాడికి ఉన్న చోటు తీసేయడమెందుకని ఉంచేశాడు.

అర్థం వివరించడం అందరికీ చేతకాదు, ఆయన్ని బలవంతపెట్టకండి. బంధువుల్లో గొంతు బాగుండి, ఎక్కువ మాట్లాడని మనిషిని ఒకరిని ఎంచుకోండి (రెండో లక్షణం ముఖ్యం). తంతుకి ఒకటి రెండు వాక్యాలు, అంతకు మించితే మైకు లాక్కోండి. ఆ వాక్యాలు ముందే రాసి పురోహితుడికి చూపించండి. ఇద్దరి మధ్యా పోటీ రాకుండా ఉంటుంది. దక్షిణ సంగతి కూడా ఆ రోజే మాట్లాడేయండి. మీరు అడుగుతున్నది మామూలు కంటే ఎక్కువ పని.

7. సొంతంగా చేర్చేవి

ఒకటి, మహా అయితే రెండు. తెలుగులో ప్రమాణాలు చదువుకోవాలనుకుంటే అది కొత్తేమీ కాదు. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గత శతాబ్దం మొదటి సగంలోనే పెళ్లి తంతుని తెలుగులో రాసి, దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. అంతకు ముందు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం చేయించిన వితంతు వివాహానికి ఊరే ఎదురు తిరిగింది. వాళ్ల ముందు మీరు వేసే మార్పులు చాలా చిన్నవి, ధైర్యంగా వేయండి.

ప్రమాణం రాసేటప్పుడు సినిమా డైలాగ్ వాసన రాకుండా చూసుకోండి. "నీ కోసం ప్రాణమిస్తా" అన్నదానికంటే "నీకు ఒంట్లో బాగోనప్పుడు ఆఫీసు ఫోన్ పక్కన పెడతా" అన్నది నిలబడే మాట. నాలుగు వాక్యాలు చాలు. చదివేటప్పుడు గొంతు పట్టేస్తుంది, కాగితం దగ్గరుంచుకోండి.

అమ్మమ్మ పెళ్లి మధుపర్కాల అంచు కొంగుముడిలో కట్టుకోవడం, చనిపోయిన తాతయ్య చేతి రాతలోని శుభలేఖ వాక్యం మీ శుభలేఖలో వేసుకోవడం, పెద్దవాళ్లు పాడే అప్పగింతల పాట డీజే బదులు నిజంగా వాళ్ల చేతే పాడించడం లాంటివి అందంగా కలిసిపోతాయి. అమ్మమ్మ దగ్గర కూర్చుని మీరు రికార్డ్ చేసిన మాటల్లోంచే ఇవి దొరకాలి. వేరే వాళ్ల పెళ్లి వీడియోలో చూసి ముచ్చటపడింది చేరిస్తే, ఆ వీడియోలాగే ఉంటుంది.

8. టైమ్ చీటీ

ముహూర్తం మేకు లాంటిది, అది కదలదు. దానికి అటూ ఇటూ మిగతావి తగిలించాలి. గౌరీపూజ, వరపూజ, మహాసంకల్పం లాంటివి ముందు. తాళి, తలంబ్రాలు, హోమం, సప్తపది తర్వాత. ముందు భాగం ఎప్పుడూ సాగుతుంది. తర్వాతి భాగాన్ని భోజనాల టెన్షన్ మింగేస్తుంది. సప్తపది సమయానికి హాల్లో ఇరవై మంది కూడా ఉండరు, అందరూ బంతి దగ్గరే ఉంటారు. అందుకే సప్తపది అయ్యాకే భోజనాలు పెట్టించండి, లేదా ముహూర్తానికి ముందే ఒక బంతి లేపేయండి.

స్టేజి మీద అక్షింతలు వేసి ఫొటో దిగే క్యూ ఇంకో సమస్య. తాళి కట్టగానే జనం పైకెక్కేస్తారు, హోమం మొదలుపెట్టడానికి పురోహితుడికి దారి ఉండదు. ఇద్దరు బలమైన బావమరుదుల్ని మెట్ల దగ్గర నిలబెట్టండి. అక్షింతలు కూర్చున్న చోటికే పంచితే, అక్కడినుంచే వేయమని మైకులో చెప్పవచ్చు.

హాలు బుక్ చేసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: లోపల హోమం చేయనిస్తారా? ఏసీ హాళ్లలో చాలాచోట్ల పొగకి ఒప్పుకోరు, అలారం మోగుతుంది. అప్పుడు అగ్ని ముందు జరగాల్సిన సప్తపది దీపం ముందు అయిపోతుంది. బయట పందిరి వేసుకునే చోటు ఉన్న హాలు చూసుకోండి.

చీటీ నాలుగు కాపీలు తీయించండి. ఒకటి పురోహితుడికి, ఒకటి ఫొటోగ్రాఫర్‌కి, ఒకటి మేళం వాళ్లకి, ఒకటి మైకు మనిషికి. మేళం వాళ్ల కాపీలో ఎక్కడ ఆపాలో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. నాతిచరామి, సప్తపది, పేర్లు చదివేటప్పుడు. మీ దగ్గర మాత్రం కాపీ ఉంచుకోకండి. ఆ రోజు మీరు చూడాల్సింది చీటీ కాదు.

9. అరుంధతిని నిజంగా చూడండి

దీన్ని చివరికి ఉంచింది నాకు ఇష్టమని. పగటి పెళ్లిలో ఎండవైపు వేలు చూపించి "కనపడిందా అమ్మా" అంటే "ఆ, కనపడింది" అంటారు, అందరూ నవ్వుతారు. కానీ మీకు నిజంగా చూసే అవకాశం ఉంటే వదులుకోవద్దు. సప్తర్షి మండలంలో తోకలా మూడు నక్షత్రాలుంటాయి. నడిమిది వశిష్ఠుడు, దాని పక్కనే మసగ్గా అంటిపెట్టుకున్న చిన్న చుక్క అరుంధతి. ముందు పెద్ద చుక్కని చూపించి, చూపు అక్కడ నిలిచాక చిన్నదాన్ని చూపిస్తారు. అరుంధతీ న్యాయం అన్న మాట అలాగే పుట్టింది.

ఎప్పుడు కనపడుతుందన్నది మీ ముహూర్తం నెలని బట్టి ఉంటుంది. వైశాఖంలో పెళ్లయితే రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకి ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది, ఇంతకంటే మంచి కాలం లేదు. మాఘంలో రాత్రి తొమ్మిదీ పది దాటాక ఈశాన్యంలో పైకొస్తుంది. శ్రావణంలో చీకటి పడగానే వాయవ్యంలో చూసేయాలి, పది దాటితే వాలిపోతుంది. కార్తీక, మార్గశిర మాసాల్లో తెల్లవారుజామున మూడు దాటాక ఈశాన్యంలో. అంటే ఆ నెలల్లో అర్ధరాత్రి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు కాస్త మేలుకుంటే చాలు. ధ్రువుడు మాత్రం ఏ నెలలోనైనా ఉత్తరాన అక్కడే ఉంటాడు, కానీ మన ప్రాంతంలో బాగా కిందికి. చెయ్యి చాచి, ఆకాశం నేలని తాకినట్టు కనిపించే చోటి నుంచి పిడికిలి మీద పిడికిలి పెడితే పై పిడికిలి దగ్గర.

తంతు వరసలో దీన్ని హోమం వెంటనే పెట్టకుండా, నక్షత్రం కనపడే వేళకి జరపమని పురోహితుడిని అడగండి. ముందు రోజు రాత్రి అదే వేళకి హాలు మేడ మీదికి ఒకసారి వెళ్లి, ఉత్తరం ఎటో, ఏ చెట్టు, ఏ హోర్డింగ్ అడ్డొస్తుందో చూసి రండి. డెకరేషన్ లైట్ల స్విచ్ ఎక్కడుందో కనుక్కుని, రెండు నిమిషాలు అవి ఆపే పని ఒక మనిషికి అప్పజెప్పండి. అమ్మమ్మకి మెట్లు ఎక్కడం కష్టమైతే కుర్చీతో సహా ఎత్తుకెళ్లడానికి ఇద్దరు మనవళ్లని కూడా.